చిన్నప్పుడే సైకోసిస్ వస్తే పెద్దయ్యాక ఏమవుతారు? ఆ 60 శాతం లెక్క ఎక్కడిది?

ఎప్పటిలాగే ఒక ప్రశ్న తీసుకుని దాని మూలం దాకా వెళ్దాం. అయితే ఇవాళ్టి ప్రశ్న నేను వెతుక్కున్నది కాదు, ఒక అక్క పంపింది. పేరు, ఊరు చెప్పను. మెసేజ్ మాత్రం ఆవిడని అడిగే చదువుతున్నా.

"తమ్ముడూ, మా బాబుకి పన్నెండేళ్లు. ఆర్నెల్ల నుంచి ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందంటున్నాడు. అన్నంలో ఏదో కలుపుతున్నామని తినట్లేదు. డాక్టరు గారు స్కిజోఫ్రీనియా కావచ్చు అన్నారు. రాత్రి ఫోన్‌లో వెతికితే, చిన్నప్పుడే వస్తే 60 శాతం మంది బాగుపడరని ఉంది. నువ్వు లెక్కలు విడమరిచి చెప్తావు కదా. ఆ 60లో మావాడు ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది?"

నేను వెంటనే జవాబు ఇవ్వలేకపోయా. "ఏం కాదక్కా, ధైర్యంగా ఉండు" అని టైప్ చేసి, చెరిపేశా. ఏం కాదని నాకేం తెలుసు? నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాణ్ని. నాకు చేతనైంది ఒకటే: ఒక నంబర్ కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వడం. అదే చేశా. ఈ ఎపిసోడ్ ఆ అక్కకి నా జవాబు.

ముందు మాటలు సరిచూసుకుందాం

సైకోసిస్ అనేది ఒక జబ్బు పేరు కాదు, ఒక స్థితి. లేని గొంతులు వినిపించడం, లేనివి కనిపించడం, ఎవరో మనకి హాని చేస్తున్నారని రుజువు లేకుండా గట్టిగా నమ్మడం, మాటకీ మాటకీ పొంతన లేకపోవడం. జ్వరం లాంటిదనుకోండి. జ్వరం మలేరియాలోనూ వస్తుంది, టైఫాయిడ్‌లోనూ వస్తుంది. అలాగే సైకోసిస్ స్కిజోఫ్రీనియాలో రావచ్చు, బైపోలార్‌లో రావచ్చు, తీవ్రమైన డిప్రెషన్‌లో రావచ్చు, మెదడు వాపులో కూడా రావచ్చు.

స్కిజోఫ్రీనియా ఎక్కువగా పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల మధ్య బయటపడుతుంది. 18 లోపు మొదలైతే తొందరగా వచ్చింది అంటారు. 13వ పుట్టినరోజు కంటే ముందే మొదలైతే దాన్ని బాల్యంలో వచ్చిన స్కిజోఫ్రీనియా అంటారు. ఇది చాలా అరుదు. సుమారు 40,000 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని అమెరికా పరిశోధకుల అంచనా.

ఇక్కడే ఇంకో లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ వీడియో చూసి కొంతమంది అమ్మానాన్నలు భయపడతారు. పిల్లలకి ఎప్పుడో ఒకసారి గొంతు వినిపించడం అరుదేమీ కాదు. 2012లో చాలా సర్వేలని కలిపి చూస్తే, 9 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో సుమారు 17 శాతం మంది అలాంటి అనుభవం ఏదో ఒకటి ఉందన్నారు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లలో అది 7.5 శాతానికి పడిపోయింది. అంటే చాలామందిలో దానంతటదే పోతోంది. ఒక్కసారి వినిపిస్తే జబ్బు కాదు. కానీ దానికి తోడు నిద్ర చెడిపోయి, మార్కులు పడిపోయి, స్నేహితుల్ని వదిలేసి, తిండి మానేసి, వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం ఆగకూడదు. అక్క చెప్పిన బాబు రెండో కోవలో ఉన్నాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మంచి పని చేశారు.

ఆ 60 ఎక్కడిది?

ఇప్పుడు అసలు నంబర్‌కి వద్దాం. 2012లోనే డెన్మార్క్ పరిశోధకులు అంతకుముందు జరిగిన 21 అధ్యయనాల్ని ఒక్కచోట చేర్చారు. మొత్తం 716 మంది. 18 లోపు సైకోసిస్ మొదలైనవాళ్లు తర్వాత ఎలా ఉన్నారని చూశారు. స్కిజోఫ్రీనియా ఒక్కటే తీసుకుంటే 15.4 శాతం మందికి ఫలితం బాగుంది, 24.5 శాతం మందికి మధ్యస్థం, 60.1 శాతం మందికి బాగోలేదు. అక్క చూసింది ఇదే అయ్యుంటుంది.

దీనికి తోడుగా జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం ఒకటుంది. పిల్లల మానసిక వైద్యుడు హెల్ముట్ రెమ్‌ష్మిట్ బృందం 2007లో ప్రచురించింది. చిన్నప్పుడు అక్కడ చేరిన పేషెంట్ల పాత ఫైళ్లు తీసి, ఇప్పటి ప్రమాణాలతో మళ్ళీ పరిశీలించి, స్కిజోఫ్రీనియా అని ఖరారైన 38 మంది సగటున 42 ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారో చూశారు. 16 శాతం బాగున్నారు, 24 శాతం మధ్యస్థం, 60 శాతం బాగోలేరు. రెండు చోట్లా దాదాపు అవే అంకెలు.

కాబట్టి నంబర్ తప్పు అని నేను చెప్పను. చిన్న వయసులో మొదలైన స్కిజోఫ్రీనియా పెద్దయ్యాక వచ్చేదానికంటే గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది. అది నిజం. కానీ ఒక నంబర్ నిజమైనంత మాత్రాన అది మన ప్రశ్నకి జవాబు అయిపోదు. అది ఎవరిని లెక్కపెట్టింది, ఎప్పుడు, దేన్ని అని మూడు ప్రశ్నలు అడగాలి.

ఎప్పుడు? మార్బుర్గ్ పిల్లలు ఆసుపత్రిలో చేరింది 1920 నుంచి 1961 మధ్యలో. సైకోసిస్‌కి పనిచేసే మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. అంటే వాళ్లలో చాలామంది అసలు మందే లేని కాలంలో జబ్బుపడ్డారు. మధ్యలో నాజీల పాలన ఉంది, మానసిక రోగుల్ని ప్రభుత్వమే చంపించిన కాలం అది. అలాంటి రోజుల్లో గడిచిన బాల్యం నుంచి వచ్చిన శాతాన్ని తీసుకొచ్చి ఇవాళ ఒక బాబు పక్కన పెట్టేస్తే ఎలా? డెన్మార్క్ వాళ్ల సమీక్షలో కూడా అన్నిటికంటే చెడ్డ ఫలితాలు 1970కి ముందు జబ్బు గుర్తించిన వాళ్లలోనే కనిపించాయి.

ఎవరిని? నేను ఉద్యోగం చేసేటప్పుడు మా టీమ్‌కి వచ్చే టికెట్లు చూస్తే, మా సాఫ్ట్‌వేర్ అసలు ఎవరికీ పనిచెయ్యట్లేదేమో అనిపించేది. ఎందుకంటే పనిచేస్తున్నవాడు టికెట్ పెట్టడు. ఆసుపత్రి కూడా అంతే. బాగుపడినవాళ్లు నెమ్మదిగా రావడం మానేస్తారు, పెళ్లి సంబంధాల భయంతో పాత జబ్బు సంగతి ఎత్తరు. డాక్టర్ కళ్ల ముందు మిగిలేది బాగుపడనివాళ్లు. మంచి అధ్యయనాలు అందర్నీ వెతికి పట్టుకోవడానికి ప్రయత్నిస్తాయి, కానీ ఈ వంపు పూర్తిగా పోదు.

పైగా సైకోసిస్ అంతా స్కిజోఫ్రీనియా కాదు. అదే సమీక్షలో మిగతా రకాల సైకోసిస్ కూడా కలిపి చూసిన అధ్యయనాల్లో బాగోలేనివాళ్లు 60 నుంచి 46.8 శాతానికి తగ్గారు, బాగున్నవాళ్లు 19.6 శాతానికి పెరిగారు. అక్క మెసేజ్‌లో డాక్టర్ గారి మాట "కావచ్చు" అని ఉంది. ఆ ఒక్క మాట చాలా ముఖ్యం. పన్నెండేళ్ల వయసులో వేసిన పేరు తర్వాత మారడం మామూలే.

దేన్ని? "బాగోలేదు" అంటే ఏంటి? మార్బుర్గ్ వాళ్లు మనిషి రోజువారీ జీవితం ఎంతవరకు నడుపుకోగలుగుతున్నాడో స్కోరు వేశారు. స్కోరు తక్కువైతే ఈ గంపలో పడతారు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్లూ ఇందులోనే, ఇంట్లో అమ్మతో ఉంటూ, మాత్రలు వేసుకుంటూ, ఉద్యోగం చెయ్యలేకపోయినా సాయంత్రం మొక్కలకి నీళ్లు పోసే మనిషి కూడా ఇందులోనే పడొచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో ఇద్దరిదీ ఒకటే గడి. ఆ ఇంట్లోవాళ్లకి మాత్రం రెండూ రెండు వేరు జీవితాలు.

మెదడు తరిగిపోతూనే ఉంటుందా?

ఈ ప్రశ్న అక్క అడగలేదు, కానీ ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లకి తప్పకుండా ఎదురవుతుంది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో డాక్టర్ జుడిత్ రాపపోర్ట్ 1990 ప్రాంతంలో ఇలాంటి పిల్లల మీద ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి అవే పిల్లలకి ఎమ్మారై స్కాన్‌లు తీశారు. టీనేజ్‌లో మెదడు పైపొర పలచబడటం అందరిలోనూ జరిగేదే, ఈ పిల్లల్లో అది మరీ వేగంగా జరుగుతోందని 2001లో చూపించారు. ఆ రంగుల బొమ్మలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

కానీ తర్వాత వచ్చిన ఫలితాలు అంతగా ప్రచారం కాలేదు. వయసు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గింది. జబ్బు లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో కూడా చిన్నప్పుడు కొంచెం అలాంటి తేడానే కనిపించి, ఇరవై ఏళ్లు వచ్చేసరికి సర్దుకుంది. ఇంకోటి, ఈ పిల్లల ఐక్యూ జబ్బు మొదలైన చుట్టుపక్కల కాలంలో పడిపోయి, ఆ తర్వాత ఏళ్లలో ఇంకా ఇంకా కిందకి జారకుండా నిలబడింది. అంటే తుఫాను కొట్టి నష్టం చేస్తుంది, కానీ రోజూ కొడుతూనే ఉండదు.

మరి ఏది మారుస్తుంది?

మొదటిది, సరైన జబ్బు పేరు. రాపపోర్ట్ బృందం దగ్గరికి స్కిజోఫ్రీనియా అని పంపిన పిల్లల్ని ఆసుపత్రిలో ఉంచి, జాగ్రత్తగా మందులు ఆపి గమనిస్తే, కొంతమందికి అసలు ఆ జబ్బే కాదని తేలింది. ఆటిజం, తీవ్రమైన ఆందోళన, పెద్ద షాక్ తర్వాత వచ్చే లక్షణాలు, ఇవన్నీ పైకి అలాగే కనిపించగలవు. ఇంట్లో మీరే మందులు ఆపి చూడకండి, అది ఆసుపత్రిలో చేసే పని. కొన్నిసార్లు శరీరంలోనే కారణం ఉంటుంది. 2007లో జోసెప్ డాల్‌మావ్ అనే వైద్యుడి బృందం ఒక రకం మెదడు వాపుని గుర్తించింది. మన రోగనిరోధక వ్యవస్థే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేస్తుంది. పైకి అచ్చం పిచ్చిలాగే ఉంటుంది, ఫిట్స్ రావచ్చు, మాట పోవచ్చు. సరైన వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కూడా ఇలా మోసం చెయ్యగలదు. కాబట్టి "ముందు వేరే కారణాలు ఏమైనా ఉన్నాయేమో చూశారా సర్?" అని అడగడం తప్పు కాదు.

రెండోది, ఆలస్యం. లక్షణాలు మొదలైన రోజు నుంచి సరైన వైద్యం మొదలైన రోజు దాకా ఎన్ని వారాలు గడిచాయన్నది పరిశోధకులు కొలుస్తారు. అది ఎంత ఎక్కువైతే ఫలితం అంత పలచన. ఇక్కడ నాలాంటివాడికి ఒక అనుమానం వస్తుంది. నెమ్మదిగా మొదలయ్యే జబ్బే మొండిదై, దాన్ని గుర్తించడమే ఆలస్యమవుతోందేమో? న్యాయమైన అనుమానమే. అందుకే నార్వేలో చేసిన పని నాకు నచ్చింది. రోగలాండ్ ప్రాంతంలో 1997 నుంచి పేపర్లలో, రేడియోలో, స్కూళ్లలో సైకోసిస్ గురించి ప్రచారం చేసి, ఎవరైనా నేరుగా ఫోన్ చేసే టీమ్‌లు పెట్టారు. అక్కడ వైద్యం అందే ముందు గడిచే మధ్యస్థ కాలం 5 వారాలకి దిగింది. ప్రచారం లేని ప్రాంతాల్లో అది 16 వారాలు. పదేళ్ల తర్వాత చూస్తే, లక్షణాలు తగ్గి, తమ పని తాము చూసుకుంటూ కోలుకున్నవాళ్లు ఇక్కడ దాదాపు 31 శాతం, అక్కడ 15 శాతం. వీళ్లు 15 ఏళ్లు దాటినవాళ్లు, చిన్నపిల్లలు కాదు. అయినా దిశ మాత్రం స్పష్టం.

మన దగ్గర ఆ వారాలు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు. గాలి సోకిందని ఒక చోటికి, దిష్టి తీయించాలని ఇంకో చోటికి, చేతబడి అని మరో చోటికి. గుడికి వెళ్లొద్దని, దర్గాకి వెళ్లొద్దని నేను అనను. తాయత్తు కట్టించండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం అదే వారంలో తీసుకోండి. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

మూడోది, మందు. ఇక్కడ రెండు వైపులా నిజం చెప్పాలి. అమెరికాలో 2008లో వచ్చిన ఒక ట్రయల్‌లో 8 నుంచి 19 ఏళ్ల 119 మందికి మూడు మందుల్లో ఒకటి ఇచ్చి ఎనిమిది వారాలు చూశారు. ఏ మందుకీ సగం కంటే ఎక్కువమంది స్పందించలేదు. ఒలాంజపైన్ తీసుకున్న పిల్లలు ఆ ఎనిమిది వారాల్లోనే సగటున 6 కిలోలు పెరిగారు. మొదటి మందు పని చెయ్యకపోతే "ఇంక ఏ మందూ పని చెయ్యదు" అని మానేసేది ఇక్కడే. రెండు మందులు సరైన మోతాదులో, సరైనంత కాలం వాడినా పని చెయ్యకపోతే క్లోజపైన్ అని ఇంకోటి ఉంది. 1996లోనే, మిగతా మందులకి లొంగని 21 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో అది పాత మందు హాలోపెరిడాల్ కంటే బాగా పని చేసింది. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి. ఆ భయంతోనే చాలాచోట్ల దాన్ని మొదలుపెట్టడానికి వెనకాడతారు.

నాలుగోది, శరీరం. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు సగటున దాదాపు 15 ఏళ్లు ముందే చనిపోతున్నారు. అందులో ఆత్మహత్యలు ఉన్నాయి, కానీ పెద్ద భాగం గుండెజబ్బులు, షుగర్, పొగతాగడం. పన్నెండేళ్లకి మందు మొదలుపెట్టిన బాబు దాన్ని చాలా ఏళ్లు వాడాలి. కాబట్టి ప్రతి విజిట్‌లో బరువు, నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూడమని అడగండి. ఇది చిల్లర విషయం కాదు, నలభై ఏళ్ల తర్వాతి లెక్కలో ఇది ఉంటుంది.

ఐదోది, ఇల్లు. నిత్యం విమర్శ, కోపం, లేదా ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త ఉన్న ఇళ్లకి తిరిగి వెళ్లినవాళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని లండన్‌లో మొదట గుర్తించారు. 1980ల్లో అదే కొలతని చండీగఢ్‌లో వాడితే, మన కుటుంబాల్లో ఆ విమర్శ తక్కువగా కనిపించింది, ఏడాదిలో తిరగబెట్టినవాళ్లు కూడా తక్కువే. పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనాలే అయినా, పిల్లాడున్న ఇంటికి ఇంకా బాగా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. జాగ్రత్త, దీనర్థం జబ్బు మీవల్ల వచ్చిందని కాదు. అమ్మ పెంపకం వల్ల స్కిజోఫ్రీనియా వస్తుందన్న పాత సిద్ధాంతాన్ని సైన్స్ ఎప్పుడో పక్కన పెట్టేసింది. అన్నంలో ఏమీ కలపలేదని వాడితో గంటసేపు వాదించక్కర్లేదు. "నీకు భయమేస్తోందని అర్థమవుతోంది నాన్నా, నేను ముందు తింటా చూడు" అంటే చాలు.

ఆరోది, బడి. బడి పోతే చదువొక్కటే పోదు, పొద్దున్నే లేచే కారణం పోతుంది, తోటిపిల్లలు పోతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లని పెద్దవాళ్ల వార్డులో ఉంచకూడదు, ఇంటి మనిషి తోడుండనివ్వాలి. ఈ రెండు విషయాలు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

అక్కకి నా జవాబు

అక్కా, నువ్వడిగింది "60లో మావాడు ఉన్నాడా లేడా" అని. ఆ ప్రశ్నకి ఇవాళ ఎవరి దగ్గరా జవాబు లేదు, డాక్టర్ గారి దగ్గర కూడా. ఎందుకంటే వాడు ఇంకా ఏ గంపలోనూ పడలేదు. ఆ 60 అనేది గడిచిపోయిన పిల్లల కథ. అది వాడి జాతకం కాదు.

అలాగని అన్నీ సరిగ్గా చేస్తే తప్పకుండా నయమవుతుందని నేను మాటివ్వను. అన్నీ సరిగ్గా చేసిన ఇళ్లలో కూడా కొంతమంది పిల్లలకి పూర్తిగా తగ్గలేదు. అలా జరిగితే అది నీ తప్పు కాదు, వాడి తప్పు అసలే కాదు. అప్పుడు మంచి ఫలితం అంటే ఏంటో మనమే కొత్తగా రాసుకోవాలి. ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గడం, గొంతులు వినిపిస్తున్నా వాటి మాట వినకపోవడం, నీతో కూర్చుని అన్నం తినడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఈ వారం చెయ్యాల్సింది చిన్న పనే. ఒక నోట్‌బుక్ తీసుకుని లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎంత నిద్రపోతున్నాడు, ఏ మందు ఏ తేదీన మొదలైంది, బరువెంత అని రాయి. డాక్టర్ మారినా ఆ పుస్తకం మారదు. నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది, రెండో అభిప్రాయం కావాలంటే వెళ్లొచ్చు. దగ్గర్లో ఎవరూ లేకపోతే, వాడు చనిపోతానని ఒక్కసారి అన్నా, లేదా నీకే తట్టుకోలేనట్టుగా ఉన్నా, 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ వీడియో చూస్తున్న మిగతావాళ్లు కూడా ఆ నంబర్ సేవ్ చేసుకోండి.

ఆర్నెల్లకోసారి నాకు మెసేజ్ పెట్టక్కా. బాగుంటే కూడా పెట్టు. టికెట్ల సంగతి చెప్పాను కదా, బాగున్నవాళ్ల కబురు ఎవరికీ చేరదు.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.